శిలాజాల వేటకు వాడపల్లా, బీచుపల్లా?

పదిమందీ కలిసి కృష్ణ ఒడ్డుకు పోదామంటే బీచుపల్లి సులువు. జాతీయ రహదారి పక్కనే, ఆంజనేయస్వామి గుడి దగ్గర దిగితే చాలు. కానీ అక్కడున్నది గ్రానైట్ జాతి రాయి. భూగర్భంలో కరిగి చల్లారిన రాతిలో శిలాజాలు వెతకడం దండగ. పిల్లలకు గులకరాళ్లు ఏరే సరదా మాత్రం గ్యారంటీ.

మూసీ వచ్చి కలిసే వాడపల్లి వైపు సున్నపురాయి, పొరలు పొరలుగా. నా ఓటు దీనికే. అయితే ఆ రాయి వయసు 50 కోట్ల ఏళ్లకు పైమాటే, ఎముకలూ గుల్లలూ దొరకవు. ఆశ పెట్టుకుంటే సూక్ష్మజీవుల జాడల మీదే పెట్టుకోవాలి. పలక మీద నల్లటి చెట్టుకొమ్మలాంటిది కనిపించిందా? శిలాజమని వెంటనే స్టేటస్ పెట్టేయకండి, చాలాసార్లు అది మాంగనీసు మరకే. బయల్దేరే ముందు సాగర్ గేట్లు ఎత్తారేమో కనుక్కోండి.