షుగర్ నాకు, అలారం మా అబ్బాయికి: గ్లూకోజ్ సెన్సర్‌తో నాలుగేళ్ళు

చేతికి అంటించుకునే గ్లూకోజ్ సెన్సర్ వాడడం మొదలుపెట్టి నాలుగేళ్ళు దాటింది. పది రోజులకొకటి చొప్పున ఇప్పటికి 140కి పైగా మార్చాను. దీని గురించి రాసేవాళ్ళు ఎక్కువగా నంబర్ ఎంత సరిగ్గా చూపిస్తుందో, జిగురు ఎన్నాళ్ళు నిలుస్తుందో రాస్తారు. అవి నేనూ రాస్తాను. కానీ మా ఇంట్లో దీన్ని వాడేది ఇద్దరం. నాకు టైప్ 1 డయాబెటిస్, 19 ఏళ్ళుగా ఇన్సులిన్ మీద ఉన్నాను. మా అబ్బాయికి తొమ్మిదేళ్ళు. ఆటిజం ఉంది, మాటలు తక్కువ. సెన్సర్ ఉన్నది నా చేతికే అయినా దాని మోత భరించాల్సింది వాడు.

సెన్సర్ లేని రోజుల్లో రోజుకు ఆరేడు సార్లు వేలికి గుచ్చుకునేదాన్ని. నొప్పి ఎప్పుడో అలవాటైపోయింది. ఇబ్బంది వేరే. గుచ్చుకోవాలంటే చేతులు కడుక్కోవాలి, స్ట్రిప్ తీయాలి, నిమిషం సేపు ఒకచోట కూర్చోవాలి. మా వాడు తల గోడకు కొట్టుకుంటున్నప్పుడు ఆ నిమిషం ఎక్కణ్ణుంచి వస్తుంది? వాడి తలకూ గోడకూ మధ్య నా అరచెయ్యి పెట్టి కూర్చునేదాన్ని. ఒళ్ళంతా చెమట పట్టేది, చేతులు వణికేవి. అది కంగారో, షుగర్ పడిపోతోందో తేలేది కాదు. రెండింటికీ అదే దడ, అదే చెమట.

రాత్రి భయం ఇంకొకటి. మా ఆయనకు నెలలో సగం రోజులు నైట్ డ్యూటీ. నిద్రలో షుగర్ పడిపోయి నేను లేవకపోతే ఇంట్లో ఉండేది వీడొక్కడే. స్పృహ తప్పితే ఇచ్చే గ్లూకగాన్ అలమరలో ఉంది కానీ ఇవ్వడానికి ఇంకో పెద్ద మనిషి ఉండాలి కదా. వీడు ఫోన్ చేయలేడు. తలుపు తీస్తే మరీ ప్రమాదం, రోడ్డు మీదికి వెళ్ళిపోతాడు. ఆ భయంతో పడుకునే ముందు కావాలనే షుగర్ 200 పైన ఉంచుకునేదాన్ని. రెండు మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 8.4 దగ్గర కదలకుండా కూర్చుంది. డాక్టర్ అడిగినప్పుడల్లా తిండి మీదో నిద్ర మీదో నెట్టేసేదాన్ని. అసలు సంగతి ఒక్కసారీ చెప్పలేదు.

అందుకే సెన్సర్ పెట్టుకున్నాను. మొదటి వారం నరకం చూశాం.

వెంట్రుకలాంటి సన్నని తీగ చర్మం కింద ఉంటుంది. అది కొలిచేది రక్తంలో గ్లూకోజ్ కాదు, కణాల మధ్య ఉండే ద్రవంలో గ్లూకోజ్. ఐదు నిమిషాలకొక రీడింగ్, రోజుకు 288, ఫోన్‌లోకి వస్తూనే ఉంటాయి. మనం పెట్టుకున్న హద్దు దాటితే మోగుతుంది. 55కి పడితే మోగే అత్యవసర అలారాన్ని నా మోడల్‌లో పూర్తిగా ఆపేసే వీలే లేదు. దాన్ని తయారుచేసినవాళ్ళ లెక్క సరైనదే, షుగర్ పడిపోయిన మనిషి చేతికి అలారం ఆపే అధికారం ఇవ్వకూడదు. అయితే ఆ మోత వినగానే చెవులు మూసుకుని, ఊపిరి అందనంతగా ఏడ్చే పిల్లవాడు పక్కన ఉంటాడని వాళ్ళు అనుకుని ఉండరు.

రెండో రాత్రి రెండింటికి మోగింది. 52. వాడు ఉలిక్కిపడి లేచి అరుపులు మొదలుపెట్టాడు. గ్లూకోజ్ మాత్రల డబ్బా మూత తిప్పడానికి నా వేళ్ళు పట్టు ఇవ్వడం లేదు. వాడు ఫోన్ తీసి గోడకేసి కొట్టాడు. అద్దం పగిలింది, మోత ఆగలేదు. ఎలాగో నాలుగు మాత్రలు నమిలాను. ఒక్కోదానిలో 4 గ్రాములు ఉంటుంది. పదిహేను నిమిషాలు ఆగి చూసుకోవాలంటారు గానీ ఆ పదిహేను నిమిషాలు మేమిద్దరం మంచం కిందే ఉన్నాం, ఎందుకంటే వాడు అక్కడ దూరాడు. మర్నాడు నేను బట్టలు మడతపెడుతుంటే వెనక నుంచి వచ్చి సెన్సర్ పట్టుకుని లాగేశాడు. ఒకసారి ఊడిందంటే మళ్ళీ అంటించడానికి కుదరదు, ఇంకా ఏడు రోజులు పనిచేయాల్సిన సెన్సర్ చెత్తబుట్ట పాలు. కోప్పడ్డాను. ఆ తర్వాత ఆలోచిస్తే వాడు చేసిన పనిలో తప్పేం కనిపించలేదు. మోత ఎక్కణ్ణుంచి పుడుతోందో కనిపెట్టి తీసిపారేశాడు.

చాలామంది ఈ దశలోనే దీన్ని పక్కన పెట్టేస్తారనుకుంటాను. నేనూ పెట్టేయబోయాను. మా వాడి థెరపిస్ట్ ఒక మాట అంది: మోత ఆపలేకపోతే, అది ఎప్పుడు వస్తుందో తర్వాత ఏం జరుగుతుందో వాడికి తెలిసేలా చేయండి. వీళ్ళను ఎక్కువగా హడలగొట్టేది శబ్దమే కాదు, చెప్పాపెట్టకుండా వచ్చే శబ్దం.

ముందు సెట్టింగులు మార్చాం. తక్కువ హద్దు 70కి బదులు 80కి పెట్టాను, వైబ్రేషన్‌తో. రాత్రి ఫోన్‌కు కలిపిన వాచీ నా ముంజేతి మీదే ఉంటుంది. అది గుర్రుమనగానే లేచి మాత్రలు వేసుకుంటే చాలాసార్లు 55 దాకా పోనే పోదు. మా ఆయన ఫోన్‌కూ నా షుగర్ నంబర్ వెళ్తుంది. అది తగ్గితే డ్యూటీలోంచి ఆయన ఫోన్ చేస్తాడు, నేను ఎత్తకపోతే పక్కింటివాళ్ళకు చేస్తాడు. వాళ్ళ దగ్గర మా తాళం ఒకటి ఉంది.

ఇక అలారం మోత. దాన్ని రికార్డు చేసి, బాగా తగ్గించిన సౌండుతో, రోజుకు ఒక్క సెకను వినిపించేవాళ్ళం. బటన్ నొక్కేది వాడే. నొక్కకపోతే ఆ రోజుకు లేదు, బలవంతం లేదు. మొదట్లో చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నొక్కేవాడు. దానితోపాటు నాలుగు బొమ్మల కార్డు. మోగుతున్న ఫోన్, కళ్ళు మూసుకున్న అమ్మ, మాత్రలుండే ఎర్ర డబ్బా, ఆగిపోయిన ఫోన్. మా వాడికి ఏ పనికైనా చివరి బొమ్మ ఉండాలి. అది లేకపోతే మొదటిదే ముట్టడు. ఐదు నెలలు పట్టింది. మధ్యలో మూడు వారాలు జ్వరం, ఆ తర్వాత స్కూలు మారడం, మళ్ళీ మొదటికొచ్చాం. ఆరో నెలలో ఒక మధ్యాహ్నం నిజంగానే మోగింది. వాడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఎర్ర డబ్బా తెచ్చి నా ఒళ్ళో పడేసి, వెళ్ళి తన బ్లాకుల దగ్గర కూర్చున్నాడు. నా వైపు చూడను కూడా చూడలేదు.

ఇది విన్నవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు. నాకు మాత్రం లోపల గుచ్చుకుంటూనే ఉంటుంది. అంత చిన్న పిల్లవాడి నెత్తిన నా ప్రాణం బరువు పెట్టానా అని. అందుకే కార్డుకు ఐదో బొమ్మ చేర్చాం, నాన్న ఫోటో ఉన్న బటన్. అది నొక్కితే ఆయనకు వీడియో కాల్ వెళ్తుంది. డబ్బా తేవడం, బటన్ నొక్కడం, అంతటితో వాడి పని అయిపోయినట్టే. అమ్మ లేవలేదేమని కనిపెట్టుకుని కూర్చోవాల్సిన పని వాడికి లేదు.

ఇప్పుడు సెన్సర్ మంచిచెడ్డలు. నంబర్ రక్తం కంటే ఐదు నుంచి పదిహేను నిమిషాలు వెనకుంటుంది. కూర్చుని ఉంటే ఫర్వాలేదు. పార్కులో వాడి వెనక పరిగెత్తినప్పుడు తేడా తెలుస్తుంది: ఫోన్‌లో 95 అని ఉంటుంది, కళ్ళ ముందు చుక్కలు. నంబర్ కంటే, షుగర్ ఎటు పోతోందో చూపిస్తూ పక్కనుండే బాణాన్ని నమ్మడం నేర్చుకున్నాను. 95, బాణం నిటారుగా కిందికి అంటే నాకది 75 కిందే లెక్క. మాత్రలు వేసుకున్నాక కూడా కాసేపు నంబర్ దిగుతూనే కనిపిస్తుంది. మొదట్లో అది చూసి కంగారుపడి ఇంకో నాలుగు నమిలి, గంటకల్లా 240కి చేరేదాన్ని. ఇప్పుడు అలాంటప్పుడు వేలికి గుచ్చుకుని చూస్తాను. సెన్సర్ వచ్చింది కదా అని గ్లూకోమీటర్ పారేయకండి.

దొంగ రీడింగుల సంగతి మా ఇంట్లో ఇంకో కథ. సెన్సర్ మీద బరువు పడితే ఆ చోట ద్రవం కదలక నంబర్ ఉన్నట్టుండి పడిపోయినట్టు చూపిస్తుంది. మా వాడు ఎవరైనా కౌగిలించుకుంటే విదిలించుకుంటాడు గానీ రాత్రి మాత్రం నా ఎడమ చేతి మీద తల పెట్టుకుంటేనే నిద్రపోతాడు. రెండు వారాలు రోజూ అర్ధరాత్రి 50లు. వేలికి గుచ్చితే 118. వాణ్ణి కుడివైపుకు మార్చాలని చూశాను. వాడికి ఏదైనా ఒకసారి ఎడమ అయితే ఎప్పటికీ ఎడమే. చివరికి సెన్సర్‌నే కుడి చేతికి మార్చాను. కొత్తది పెట్టేటప్పుడు చోటు మార్చుతూ ఉండమంటారు. నాకు చోటు మార్చడమంటే కుడి చేతి మీదే రెండంగుళాలు అటూ ఇటూ.

అన్నిటికంటే నాకు పనికొచ్చింది మాత్రం అలారం కాదు, గ్రాఫ్. వాడు బాగా కలతపడి, అరుపులూ కొరుకుళ్ళూ అయి నలభై నిమిషాలకు సర్దుకుంటే, నేనేమీ తినకుండానే నా గీత 130 నుంచి 220కి ఎక్కేది. ఒత్తిడిలో అడ్రినలిన్, కార్టిజాల్ పెరిగి, కాలేయం నిలవ ఉన్న గ్లూకోజ్‌ను రక్తంలోకి వదులుతుంది. సెన్సర్ రాకముందు ఆ 220 చూసి వెంటనే ఇన్సులిన్ వేసుకునేదాన్ని. ఒత్తిడి దిగిపోతుంది, ఇన్సులిన్ ఇంకా మూడు నాలుగు గంటలు పనిచేస్తూనే ఉంటుంది, సాయంత్రానికి 60. గ్రాఫులు తీసుకెళ్ళి డాక్టర్‌కు చూపించాక నా డోసు లెక్క ఆయన మార్చారు. మీ లెక్క మీ డాక్టర్‌తోనే తేల్చుకోండి. వాడి వెనక పరుగులు పెట్టిన రోజుల్లో గీత ఎక్కాల్సింది పోయి దిగుతుంది కూడా. వాడు రాత్రి రెండింటిదాకా పడుకోకపోతే మర్నాడంతా నాకు ఇన్సులిన్ ఎక్కువ కావాల్సి వస్తుంది. నిద్ర లేకపోతే ఇన్సులిన్ అంత బాగా పనిచేయదట. నా ఒంట్లో అయితే గీత గీసినట్టు కనిపిస్తుంది.

ఇంకొకటి రాయాలా వద్దా అని ఆలోచించాను. వాడి మీద నేను గట్టిగా అరిచిన రోజులు ఒక పుస్తకంలో రాసి పెట్టుకునేదాన్ని, సిగ్గుతో. సెన్సర్ వచ్చిన ఏడాదికి ఆ సమయాలను గ్రాఫ్‌తో సరిపోల్చి చూశాను. సగానికి పైగా 70కి కిందే. షుగర్ పడిపోతే మెదడుకు సరిపడా గ్లూకోజ్ అందదు, మనిషి చిరాకుపడతాడు, మాట తూలుతాడు. అది చూశాక మనసు కాస్త తేలికైంది. మిగతావి? 140, 155. అప్పుడు అరిచింది నేనే, షుగర్ కాదు. ఇప్పుడు వాడి మీద ఒంటికాలి మీద లేవబోయే ముందు వాచీ చూసుకుంటాను. అన్నిసార్లూ కాదు, గుర్తొచ్చినప్పుడు.

లోపాలు ఇంకా ఉన్నాయి. కొత్త సెన్సర్ పెట్టిన మొదటి రెండు గంటలు ఏ నంబరూ రాదు, మొదటి రోజు వచ్చే నంబర్లు అంత నమ్మదగ్గవి కావు. అందుకే వాడు స్కూల్లో ఉన్నప్పుడే మారుస్తాను. జిగురుకు నాకు దురద, చర్మం ఎర్రబడుతుంది. యాప్ ఉన్న ఫోన్‌ను వాడు వీడియోలకు తీసుకుంటే ఇక చెప్పనక్కర్లేదు, వీడియో మధ్యలో అలర్ట్ వస్తే ప్రళయమే. రిసీవర్ విడిగా ఉన్న మోడల్ తీసుకోండి, లేదంటే పాత ఫోన్ ఒకటి దీనికే కేటాయించండి. నా మోడల్‌ను ఎమ్మారై స్కాన్‌కు తీసేయాలి. ఐదో రోజే పాడైన సెన్సర్‌కు బదులు ఇంకోటి ఇవ్వమని ఫోన్ చేస్తే సగం రోజు పోతుంది. వాళ్ళు వినిపించే హోల్డ్ సంగీతం మా వాడికి నోటికొచ్చేసింది, ఆ రాగం ఇప్పుడు మాకు రోజూ వినిపిస్తాడు.

ఇప్పుడు నా హెచ్‌బీఏ1సీ 7.3. 70 నుంచి 180 మధ్య రోజులో 70 శాతం సమయం, అంటే దాదాపు 17 గంటలు ఉండాలంటారు. నాది 62 శాతం. కొన్ని నెలలు 65. డాక్టర్ ఇంకా పెంచుదాం అంటారు. మంచిదే, పెంచుదాం, ముందు వాడు వరుసగా నాలుగు రాత్రులు నిద్రపోనివ్వండి అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నారు.

ఒక్కరే ఉండేవాళ్ళకు దీనికి ఐదుకు నాలుగున్నర ఇవ్వచ్చు. శబ్దం పడని పిల్లలున్న ఇంటికి మూడున్నరే. అలారానికి మనకు నచ్చిన గొంతు పెట్టుకునే వీలు ఇస్తే ఆ ఒక్కటీ కలుపుతాను. కొనే ముందు ఆ మోత ఒకసారి వినండి, పిల్లలకు కాదు, ముందు మీరు.

రేపు పదో రోజు. యాప్ గుర్తుచేసేది సాయంత్రానికి గానీ మా వాడు పొద్దుననగానే క్యాలెండర్ మీద గీత గీసి, కొత్త పెట్టె తెచ్చి టేబుల్ మీద అంచుకు సరిగ్గా సర్ది పెట్టాడు. నేను పెడితే కాస్త వంకరగా ఉంటుందట.