అంట్లు తప్పించిన ఫ్లాస్కు

గుడారం దగ్గర వంట అనగానే అందరూ రుచి గురించి, పొయ్యి గురించి చెబుతారు. అంట్ల ఊసెత్తరు. చీకట్లో, చేతులు కొంకర్లు పోయే చల్లటి నీళ్లతో, అడుగంటిన గిన్నెను గోకినవారికే ఆ బాధ తెలుస్తుంది. నాకు వండటం ఇష్టమే, తోమడమే గిట్టదు. ఆ ఒక్క కారణంతో 700 మిల్లీలీటర్లు పట్టే వెడల్పు మూతి స్టీలు ఫ్లాస్కు కొన్నాను. మధ్యాహ్నం తినడానికి వేడి వేడి సూపు పట్టుకెళ్లమని దాని పెట్టె మీద రాశారు. నేను మాత్రం అందులో వంటే చేస్తున్నాను.

పద్ధతి చాలా తేలిక. ముందు మరిగే నీళ్లు ఫ్లాస్కు నిండా పోసి, మూత బిగించి ఐదు నిమిషాలు ఉంచాలి. ఆ నీళ్లనే గిన్నెలోకి వంచి మళ్లీ మరిగించాలి. ఈలోగా ఖాళీ ఫ్లాస్కులో దినుసులు వేసి, మరిగిన నీళ్లు పోసి, ఒకసారి కలిపి మూత పెట్టేయాలి. మొదటి మెట్టు వదిలేశారంటే నీళ్ల వేడిలో మంచి భాగాన్ని చల్లటి స్టీలే లాగేసుకుంటుంది. మీకు దక్కేది సగం ఉడికిన ముద్ద. ఫ్లాస్కు వెలితిగా ఉన్నా వేడి తొందరగా తగ్గుతుంది, కాబట్టి మెడ దాకా నింపడమే మంచిది. గిన్నె చూసింది నీళ్లను మాత్రమే కనుక దాన్ని తోమే పని లేదు. నా దృష్టిలో ఈ వస్తువుకు సగం మార్కులు అక్కడే పడ్డాయి.

ఇందులో అన్నిటికన్నా బాగా కుదిరేది కుస్కుస్, అంటే గోధుమ రవ్వతో చేసే సన్నటి గింజల్లాంటి దినుసు. తయారీలోనే ఆవిరి మీద ఉడికించి ఎండబెడతారు కాబట్టి, దాదాపు సమానంగా వేడినీళ్లు పోస్తే ఐదు నిమిషాల్లో పొడిపొడిగా విచ్చుకుంటుంది. ఎండు టమాటా ముక్కలు, ఉప్పు, మిరియాల పొడి ఇంట్లోనే కలిపి సంచిలో పోసుకుంటాను, అక్కడ నూనె ఒక్కటే చేరుస్తాను. ఉదయానికి ఓట్స్. నీళ్లు పోసి మూత పెట్టి, గుడారం విప్పి మడతపెట్టేసరికి అవి మెత్తబడి ఉంటాయి. సన్నటి నూడుల్స్ కూడా బాగానే వస్తాయి. దళసరి పాస్తా మాత్రం వద్దు. పైన జిగురుగా, లోపల గట్టిగా మిగిలి రెంటికీ చెడుతుంది.

ఎర్ర మసూర్ పప్పుకు కొంచెం మినహాయింపు ఇవ్వాలి. దాన్ని ముందు గిన్నెలో ఐదు నిమిషాలు తెర్లనిచ్చి ఫ్లాస్కులోకి మార్చి, ముప్పావు గంట వదిలేయాలి. అంటే గిన్నె ఒకటి మురికవుతుంది. చలి రాత్రి ఆ పప్పు గొంతు దిగుతున్నప్పుడు నేను ఆ గిన్నెను క్షమించేస్తాను.

రాజ్మాను ఈ పద్ధతిలో వండాలని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. పచ్చి రాజ్మా గింజల్లో ఉండే లెక్టిన్ అనే విషపదార్థం బాగా మరిగితేనే నశిస్తుంది. నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కనీసం పది నిమిషాలు తెర్లేలా ఉడికించాలి. ఫ్లాస్కులో వేడి క్షణక్షణానికీ తగ్గుతుందే గాని మరుగు నిలవదు. అరకొర వేడి తగిలిన గింజలు పచ్చివాటికన్నా ఎక్కువ హాని చేయగలవు. అంతగా తినాలనిపిస్తే ముందే ఉడికించి డబ్బాలో నింపినవి తీసుకెళ్లండి. పచ్చి మాంసానికీ ఇందులో చోటు లేదు. వండినదాన్ని వేడి చల్లారకముందే తినేయాలి. 60 డిగ్రీల కన్నా కిందికి దిగిన ఆహారాన్ని రాత్రి నుంచి తెల్లవారే దాకా మూసి ఉంచడమంటే సూక్ష్మజీవులకు విందు పెట్టడమే.

కొండలెక్కేవారు ఇంకో సంగతి గమనించాలి. దాదాపు ప్రతి 300 మీటర్ల ఎత్తుకు నీరు మరిగే ఉష్ణోగ్రత ఒక డిగ్రీ తగ్గుతుంది. 3000 మీటర్ల దగ్గర అది 90 డిగ్రీలే. అక్కడ కుస్కుస్‌కు ఇబ్బంది లేదు గాని, పప్పును గిన్నెలో ఇంకాసేపు ఉడకనివ్వాలి.

వేడినీళ్లు పోస్తే భోజనమయ్యే ఫ్రీజ్ డ్రైడ్ (గడ్డకట్టించి తేమ తీసేసిన) ఆహారపు పొట్లాలతో పోలిస్తే ఇది ఎలా ఉందని అడుగుతారు. రోజంతా వీపున బరువు మోసి నడిచేవారికి నిస్సందేహంగా పొట్లాలే మేలు. నా ఫ్లాస్కు ఖాళీగానే అర కిలో తూగుతుంది. కానీ ఇద్దరికి సరిపోతుందని రాసి ఉన్న పొట్లం నడిచి అలసిన ఒక్కరికే చాలదు. లోపలుండే ఆక్సిజన్ పీల్చే చిన్న పొట్లాన్ని వెతికి తీసేయాలి. తిన్నాక ఖాళీ సంచిని చెత్తగా వెనక్కి మోసుకురావాలి. రుచి మార్చుకునే స్వేచ్ఛా తక్కువే.

ఇక నా ఫిర్యాదులు. మూతలోని రబ్బరు వలయం వాసన వదలదు. వెల్లుల్లి వేసిన మర్నాడు ఓట్స్ తింటే ఆ సంగతి తెలుస్తుంది. దాన్ని ఊడదీసి కడిగి, విడిగా ఆరబెట్టాలి. రెండోది ఇంకా చిరాకు. లోపలి ఆవిరి చల్లారి పీడనం తగ్గినప్పుడు మూత బిగుసుకుపోతుంది, ఎంత తిప్పినా రాదు. గాలి వదిలే చిన్న బొత్తాం ఉన్న రకాలు దొరుకుతాయి, నాదానికి అది లేదు. కొత్తగా కొనేవారు ముందు చూడాల్సింది ఆ బొత్తామే, రంగూ హంగూ తర్వాత. మూతి మీ పిడికిలి దూరేంత వెడల్పు ఉందో లేదో కూడా చూడండి. లేకపోతే అడుగు కడగడానికి మళ్లీ బ్రష్షు మోయాలి. ఫ్లాస్కును మాత్రం ఎన్నడూ నేరుగా మంట మీద పెట్టకండి, దాని రెండు గోడల మధ్య గాలి తీసేసి మూసిన ఖాళీ పొర పగిలిపోవచ్చు.

ఐదుకు నాలుగు ఇస్తున్నాను. తగ్గించిన ఆ ఒక్కటీ మూతకే.