నెల్లూరులో ఫోన్ కొనబోయే మనవాళ్లకి హెచ్చరిక: టాక్‌బ్యాక్ ఆపేసి "ఫోన్ బాగానే ఉంది" అంటున్నారు

ట్రంకు రోడ్డులో మనవాళ్లు ఎక్కువగా ఫోన్లు తీసుకునే ఆ పెద్ద షాపు. పేరు రాయను, ఎక్కడో మీకు తెలుసు. స్క్రీన్ మీద ఉన్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్‌తో ఫోన్ వాడే చూపు లేనివాళ్లెవరూ అక్కడ డెమో పీసు విని డబ్బు కట్టేయొద్దు. నాలుగు రోజుల కింద 9,499 రూపాయలు పెట్టి తీసుకున్నా. ఈ రోజు వాపసు ఇవ్వబోతే జరిగింది కోపం చల్లారకముందే రాస్తున్నా.

డెమో పీసు వేలు కదిపిన వెంటనే పలికింది, తెలుగు మెసేజ్ కూడా చక్కగా చదివింది. ర్యామ్ ఎంత అంటే "8 జీబీ అన్నా" అన్నాడు. పెట్టెలో పెట్టి ఇచ్చింది మాత్రం వేరే రకం. అసలు ర్యామ్ 4, వర్చువల్ 4, రెండూ కలిపి 8 అని చెప్పి అమ్మారు. పదిమందికి టాక్‌బ్యాక్ నేర్పినవాణ్ని, పెట్టె అక్కడే విప్పించి అబౌట్ ఫోన్‌లోకి పోయి వినాల్సింది. వినలేదు. అది నా తప్పే.

కానీ ఈ రోజు వాళ్లు చేసింది మాత్రం తప్పు అన్న మాటకి అందదు. ఫోన్ మధ్యమధ్యలో మూగబోతోందని చెప్తున్నా. ఇంకా మాట పూర్తికాలేదు, కౌంటరులో కుర్రాడు నా చేతిలోంచి ఫోన్ తీసేసుకున్నాడు. ఇవ్వమని అడగను కూడా లేదు. "టాక్‌బ్యాక్ ఆఫ్" అన్నది వినపడింది. తర్వాత ఏదో వీడియోలో పాట. "చూడన్నా, ఎంత ఫాస్టుగా ఉండాదో. ఫోన్‌కి ఏం కాలా. ఆ మాట్లాడేదాన్ని ఆపేస్తే సరిపోతాది" అన్నాడు. నాతో వచ్చిన మా చెల్లెలి కొడుకు ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. వాడివైపు తిరిగి, "మీ మామకి బటన్ ఫోన్ ఇప్పించు అబ్బయ్యా, ఈ టచ్ ఫోన్లు ఆయనకెందుకు" అన్నాడు. డబ్బు కట్టింది నేను, ఎదురుగా నిలబడి ఉన్నది నేను, జవాబు మాత్రం పిల్లాడికి. మేనేజరును పిలిస్తే "సీల్ తీసిన ఫోన్ వాపసు తీసుకోం సార్" అని ఒకటే మాట.

టాక్‌బ్యాక్ ఆగిన ఫోన్ మనకి పలక ముక్క. దాన్ని ఆపేసి "బాగా పనిచేస్తోంది" అనడమంటే, నడవలేని మనిషి బండిలోంచి అతన్ని దించేసి బండి తేలిగ్గా కదులుతోందని చెప్పడం లాంటిది. ఆ కుర్రాడు టాక్‌బ్యాక్‌ను బటన్లతో తిరిగి వేసుకునే షార్ట్‌కట్ కూడా తీసేశాడు. బస్టాండులో వాల్యూమ్ బటన్లు రెండూ కలిపి మూడు సెకన్లు పట్టుకున్నా ఉలుకూ పలుకూ లేదు. మీకు ఇలా జరిగితే కంగారుపడొద్దు. అసిస్టెంటు పెట్టుకుని ఉంటే "హే గూగుల్, టర్న్ ఆన్ టాక్‌బ్యాక్" అని ఇంగ్లీషులో చెప్పండి, మాట తిరిగి వస్తుంది. నాకు అలాగే వచ్చింది.

అసలు లోపం ఏంటో షాపువాళ్లకి తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. మీకు చెప్తా. మన ఫోన్లో ఎప్పుడూ రెండు ప్రోగ్రాములు అదనంగా నడుస్తుంటాయి. ఒకటి టాక్‌బ్యాక్, రెండోది దానికి గొంతు ఇచ్చే టెక్స్ట్ టు స్పీచ్ ఇంజిన్. వర్చువల్ ర్యామ్ అంటే స్టోరేజీలో కొంత చోటును ర్యామ్‌లా వాడుకోవడం, దాని వేగం అసలు ర్యామ్ వేగానికి దరిదాపుల్లో కూడా ఉండదు. వాట్సాప్, పేమెంట్ ఆప్, బ్రౌజరు ఒకదాని తర్వాత ఒకటి తెరిచేసరికి మెమరీ చాలక ఫోన్ దేన్నో ఒకదాన్ని మూసేస్తుంది. బ్యాటరీ మిగిల్చే సెట్టింగు గట్టిగా ఉన్నా ఇదే జరుగుతుంది. చూపున్నవాళ్లకి ఒక సెకను ఆలస్యం తప్ప ఏమీ తెలియదు. మనకి మాట పోతుంది.

మాట పోయినప్పుడు రెంటిలో ఏది పోయిందో ముందు తేల్చుకోవాలి. స్క్రీన్ మీద వేలు మెల్లగా జరిపి చూడండి. టిక్ టిక్ అనో, సన్నగా వైబ్రేషనో వస్తుంటే టాక్‌బ్యాక్ బతికే ఉంది, గొంతు ఒక్కటే పోయింది. అప్పుడు పవర్ బటన్‌తో స్క్రీన్ ఆపి మళ్లీ వేయండి, లేదా రెండు వాల్యూమ్ బటన్లతో టాక్‌బ్యాక్‌ను ఆపి మళ్లీ వేయండి. చాలాసార్లు గొంతు వస్తుంది. టిక్ కూడా లేకపోతే టాక్‌బ్యాకే పోయింది. ఇది ప్రమాదం. టాక్‌బ్యాక్ ఉన్నంతసేపూ వేలు పెడితే చదువుతుంది, రెండుసార్లు తడితేనే తెరుస్తుంది. అది పోయిన క్షణం నుంచి ఒక్కసారి తగిలితే చాలు, బటన్ నొక్కినట్టే. వెతుక్కుంటున్నామనుకుని జరిపిన వేలు ఎవరికో ఫోన్ కలుపుతుంది, మెసేజ్ పంపుతుంది. పేమెంట్ పేజీలో ఉండగా మాట ఆగితే వెంటనే వేలు ఎత్తేసి పవర్ బటన్ నొక్కండి. మిగతాది తర్వాత చూసుకోవచ్చు.

తెలుగు గొంతుది ఇంకో చిక్కు. తెలుగు వాయిస్ డేటా ఫోన్లోకి దిగకపోతే ఇంగ్లీషు గొంతు తెలుగు అక్షరాలను వదిలేస్తుంది. వాట్సాప్‌లో పంపినవాళ్ల పేరు, టైము చదివి, అసలు మెసేజ్ దగ్గర గప్‌చుప్ అయిపోతుంది. షాపులో వైఫై ఉన్నప్పుడు పలికిన గొంతు ఊళ్లో సిగ్నల్ లేనిచోట పలకకపోవచ్చు. అందుకే ఎయిర్‌ప్లేన్ మోడ్ వేసి, వైఫై కూడా ఆపి, ఒక తెలుగు మెసేజ్ చదివించి చూడాలి. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద టెక్స్ట్ టు స్పీచ్ అవుట్‌పుట్‌లోకి పోయి తెలుగు డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, అది మీ పెట్టెలోని ఫోన్లోనే, షాపులోనే చేయించుకోండి.

ఇక కొనేటప్పుడు. డబ్బు కట్టకముందే మీకు ఇచ్చే పెట్టెను మీ ముందే విప్పించండి. ఫోన్ ఒకసారి ఆపి వేయించి, పిన్ కొట్టకముందు లాక్ స్క్రీన్ దగ్గరే మాట వస్తుందో లేదో వినండి. కొన్ని గొంతులు ఒకసారి లాక్ తీసేదాకా పలకవు, అప్పుడు మీ పిన్ మీరే గుడ్డిగా కొట్టుకోవాలి. అబౌట్ ఫోన్‌లో ర్యామ్ దగ్గర "4 ప్లస్ 4" అని వస్తే అది 4 కిందే లెక్క. నా మాటగా చెప్తున్నా, 6 కన్నా తక్కువ అసలు ర్యామ్ తీసుకోవద్దు. పక్కవాళ్లతో ఫోన్ చేయించి, చెవి దగ్గర పెట్టుకుంటే స్క్రీన్ ఆగుతుందో లేదో చూడండి. చౌక ఫోన్లు కొన్నిట్లో నిజం ప్రాక్సిమిటీ సెన్సరు, అంటే చెంప దగ్గరికొస్తే పసిగట్టేది, ఉండదు, మాట్లాడుతుండగా చెంప తగిలి మ్యూటో, కట్టో అయిపోతుంది. వేలిముద్ర బటన్ పక్కన ఉంటే తడిమి తెలుస్తుంది, స్క్రీన్ కింద ఉంటే ప్రతిసారీ వెతకాలి. 3.5 ఇయర్‌ఫోన్ రంధ్రం ఉన్నది తీసుకోండి, యూపీఐ పిన్ నలుగురిలో బయటికి చదివించుకోవద్దు.

బిల్లులో మోడల్ నంబరు, అసలు ర్యామ్, ఐఎంఈఐ అనే ఫోన్ గుర్తింపు నంబరు ఉండాలి. స్టార్ హ్యాష్ 06 హ్యాష్ కొడితే ఐఎంఈఐని టాక్‌బ్యాక్ చదువుతుంది, బిల్లుతో సరిచూడమని నమ్మకమైనవాళ్లకి ఇవ్వండి.

"వాపసు తీసుకోం" అన్నంత మాత్రాన అయిపోదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో వెనక్కి తీసుకోకపోవడం అన్యాయ వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడం కూడా అంతే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు సరుకుకి ఫీజు లేదు, కేసు రెండేళ్ల లోపు వేయాలి. నేను 1915కి చెప్పేశా. ఆ షాపులో ఇదే ఫోన్ ఇలాగే అంటగట్టించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే బిల్లు పారేయొద్దు, మాట ఆగిపోయినప్పుడు పక్కవాళ్లతో ఒక వీడియో తీయించి దాచుకోండి.