రామచిలుకనా, ఆఫ్రికన్ గ్రేనా?
హన్మకొండల మాట్లాడే పిట్ట కావాలనేటోళ్లకు ఈ రెండే కనిపిస్తయి: మన రామచిలుక, ఆఫ్రికా బూడిదరంగు చిలుక గ్రే. రామచిలుక మాట సగం, ఈల సగం, కీచుగొంతుతోని "రా రా" అంటది, ఇంట్లోళ్లకే అర్థమైతది. గ్రే అట్ల కాదు, కుక్కర్ విజిల్, ఫోన్ రింగ్‌టోన్, నానమ్మ దగ్గు కూడ అచ్చుగుద్దినట్టు దింపుతది. రెండింటికీ గాలిగొట్టం అడుగున ఉండే సిరింక్స్ అనే అవయవంతోనే సౌండ్ వస్తది, నాలుక సాయం చేస్తది. అమెరికాల అలెక్స్ అనే గ్రే 2007ల చచ్చిపోయేనాటికి వందకు పైగా మాటలు నేర్చింది, రంగు అడిగితే రంగు చెప్పేది! కాకపోతే గ్రేను ఒంటరిగ వదిలితే ఈకలు పీక్కుంటది, పైగా కాయిదాలు, రిజిస్ట్రేషన్ కావాలె. ఇగ రామచిలుకనైతే పెంచుడే నేరం, 1972 వన్యప్రాణి చట్టం ఉంది, అంగట్ల అమ్మినా సరే కొనొద్దు. నేనైతే గ్రేను కూడ కొనను, ఆఫీసుకు పోతే దాంతోని ముచ్చట పెట్టేదెవరు?