ఊరి లీగ్, ట్రావెల్ టీమ్: న్యూజెర్సీలో మా పదకొండేళ్ల సాఫ్ట్‌బాల్ అనుభవం

మేము న్యూజెర్సీలోని మిడిల్‌సెక్స్ కౌంటీలో ఉంటాము. 2014 వసంతంలో, మా పెద్దమ్మాయికి ఏడేళ్లప్పుడు, తరగతిలో స్నేహితురాలు బేస్‌బాల్‌ను పోలిన సాఫ్ట్‌బాల్ ఆడుతోందని తానూ వెళ్తానని పట్టుబట్టింది. తెనాలిలో పెరిగిన నాకు ఆ ఆట పేరు తప్ప మరేమీ తెలియదు. 140 డాలర్లు కట్టి ఊరి లీగ్‌లో చేర్పించాము. అక్కడ ఐదేళ్లు ఆడి, 2018 శరదృతువు నుంచి ఆరేళ్లపాటు రెండు ట్రావెల్ టీముల్లో ఆడి, 2025లో హైస్కూలు జట్టుతో తన ఆట ముగించింది. చిన్నమ్మాయి 2019లో మొదలుపెట్టి ఇప్పటికీ ఊరి లీగ్‌లోనే ఆడుతోంది. రెండు దారులనూ ఇంత కాలం దగ్గర నుంచి చూసిన తల్లిగా, ఇప్పుడు ఆ కూడలిలో నిలబడి ఉన్న తల్లిదండ్రుల కోసం ఇది రాస్తున్నాను. పిల్లను ఊరి లీగ్‌లోనే ఉంచాలా, ట్రావెల్ టీమ్‌కు పంపాలా అన్న ప్రశ్న మా చుట్టుపక్కల తెలుగు కుటుంబాల్లోనే నన్ను ఏటా నలుగురైదుగురు అడుగుతున్నారు.

ఇక్కడివారు ‘రెక్’ అని పిలిచే ఊరి లీగ్‌లో ఎంపిక ఉండదు. పేరు నమోదు చేసుకున్న ప్రతి పాపకూ ఏదో ఒక జట్టులో చోటు దొరుకుతుంది. కోచ్‌లు జీతం తీసుకోని తల్లిదండ్రులే. ఏప్రిల్ నుంచి జూన్ వరకు వారానికి రెండు ఆటలు, ఇంటి నుంచి పది నిమిషాల దూరంలో జరుగుతాయి. ట్రావెల్ టీమ్‌కు ఆగస్టులో ట్రైఔట్ ఉంటుంది, పన్నెండు మందినో పదముగ్గురినో ఎంచుకుంటారు, చలికాలమంతా ఇండోర్‌లో సాధన చేయిస్తారు, వేసవిలో దాదాపు ప్రతి వారాంతం పక్క రాష్ట్రాల్లో పోటీలకు తిప్పుతారు.

మా ఊరి లీగ్ లిటిల్ లీగ్ నిబంధనల ప్రకారం నడుస్తుంది. 1939లో బేస్‌బాల్‌తో మొదలైన ఆ సంస్థ 1974లో అమ్మాయిల కోసం సాఫ్ట్‌బాల్ ప్రారంభించింది. అందులో నేను అన్నిటికంటే గౌరవించే నిబంధన ఒకటుంది: సీజన్ ఆటల్లో ప్రతి పిల్లా కనీసం ఆరు ఔట్లు (మూడు ఔట్లకు ఒక ఇన్నింగ్స్) పడేవరకు ఫీల్డింగ్‌లో ఉండాలి, కనీసం ఒక్కసారైనా బ్యాటింగ్ చేయాలి. బంతి అంటే భయపడే పిల్లకైనా, పరుగెత్తలేని పిల్లకైనా ఆ హక్కును ఏ కోచ్ కూడా తీసేయడానికి వీల్లేదు. మొదటి రెండేళ్లూ మా అమ్మాయి ఆట సాగింది ఈ నిబంధన వల్లనే అని నేను నిస్సంకోచంగా చెప్పగలను.

రెండో ఏడు ఆమెను మైదానం కుడి చివరన, రైట్ ఫీల్డ్‌లో నిలబెట్టారు. ఒక ఆటలో బంతి తన దగ్గరికి దొర్లుతూ వస్తే తీసుకుని, ఎటు విసరాలో తెలియక చేతిలో పట్టుకుని నిలబడిపోయింది. ఇద్దరు పిల్లలు పరుగులు పూర్తి చేశారు. ప్లంబింగ్ పని చేసుకునే ఆ జట్టు కోచ్ ఇన్నింగ్స్ అయ్యాక ఆమెను అక్కడికే తీసుకువెళ్లి, బూటు మడమతో నేలమీద రెండు గీతలు గీశాడు. ఒకటి సెకండ్ బేస్ వైపు, మరొకటి ఫస్ట్ బేస్ వైపు. ‘బంతి రాకముందే గీత చూసుకో, వచ్చాక ఆలోచించకు’ అన్నాడు. ఆ సీజన్ చివరికి ఆ గీతలు తానే గీసుకోవడం నేర్చుకుంది. పద్దెనిమిదేళ్ల వయసులో హైస్కూలు జట్టుకు ఆడుతున్నప్పుడు కూడా ప్రతి ఇన్నింగ్స్‌కు ముందు మడమతో నేలను గీకడం నేను చూస్తూనే ఉన్నాను. ట్రావెల్ టీములో గంటకు అరవై డాలర్లు తీసుకున్న శిక్షకులెవరూ ఆమెకు అంత కాలం నిలిచే అలవాటు నేర్పలేదు.

ఊరి లీగ్‌లో లోపం కూడా అంతే స్పష్టంగా చెప్పాలి. చేతిని గుండ్రంగా తిప్పి కింది నుంచి వేసే విండ్‌మిల్ పిచింగ్ పట్టుబడడానికి ఏళ్లు పడుతుంది, పదేళ్లలోపు వాళ్లలో బంతిని 35 అడుగుల దూరం నుంచి సరిగ్గా వేయగలిగే పిల్లలు జట్టుకు ఒకరో ఇద్దరో ఉంటారు. మిగతావారు వేస్తే నాలుగు తప్పు బంతులకు ఒక ‘వాక్’ (బ్యాటర్ కొట్టకుండానే ఫస్ట్ బేస్‌కు వెళ్లడం) చొప్పున బేసులు నిండిపోతాయి, ఐదు పరుగులు రాగానే ఇన్నింగ్స్ ఆపేస్తారు. ఒక సాయంత్రం స్కోరు పుస్తకం నా చేతిలో ఉంది. తొలి ఇన్నింగ్స్‌లో ఎనిమిది వాక్‌లు రాశాను, బ్యాటుకు తగిలిన బంతి ఒక్కటి. గంటన్నర ఆటలో రెండో, మూడో బేసుల మధ్య షార్ట్‌స్టాప్‌లో నిలబడ్డ మా అమ్మాయి దగ్గరికి వచ్చిన బంతులు రెండు. ఇంటికి వచ్చేటప్పుడు కారులో ‘నా దగ్గరికి బంతే రావడం లేదమ్మా’ అంది. ట్రావెల్ గురించి మేము ఆలోచించడం మొదలుపెట్టింది ఆ రోజే. ఆ మాట పిల్ల నోటి నుంచి వచ్చింది, మా నోటి నుంచి కాదు. తేడా అంతా అక్కడే ఉందని నా నమ్మకం.

2018లో పన్నెండేళ్లలోపు ట్రావెల్ టీములో చేరాక తొలి సాధనకు నేను వెళ్లాను. మైదానంలో మూడు చోట్ల మూడు పనులు ఒకేసారి నడుస్తున్నాయి, ఏ పిల్లా చేతులు కట్టుకుని నిలబడలేదు. గంటలో మా అమ్మాయి వంద బంతులకు పైగా ఆపి విసిరింది. ఊరి లీగ్‌లో సీజన్ మొత్తం మీద అన్ని రావు. 11 అంగుళాల బంతి నుంచి 12 అంగుళాల బంతికి, 35 అడుగుల పిచింగ్ దూరం నుంచి 40 అడుగులకు మారడం చాలామంది పిల్లలకు కష్టమవుతుంది, కానీ చలికాలం నాలుగు నెలలూ ఇండోర్‌లో సాధన చేయడం వల్ల ఆమెకు ఆ కష్టం తెలియనే లేదు. బ్యాటర్ బ్యాట్ ఊపకుండా బంతిని మెల్లగా తాకించే బంట్ వస్తే ఎవరు ముందుకు రావాలి, అవుట్‌ఫీల్డ్ నుంచి వచ్చే విసురును మధ్యలో ఎవరు అందుకోవాలి, బ్యాటర్ ఔట్ కావాల్సిన మూడో స్ట్రైక్ బంతిని వెనక ఉండే క్యాచర్ జారవిడిస్తే ఏం చేయాలి అన్నవి అక్కడే నేర్చుకుంది. పిచింగ్ కూడా అక్కడే పట్టుబడింది. ఆట నాణ్యత గురించి అయితే ట్రావెల్‌కు, ఊరి లీగ్‌కు పోలికే లేదు.

అయితే ఊరి లీగ్ ఇచ్చిన ఆ ఆరు ఔట్ల హామీ ఇక్కడ ఎవరూ ఇవ్వరు. 2019 జూన్‌లో మేరీల్యాండ్‌లోని సాలిస్‌బరీకి నాలుగు గంటలు కారు నడుపుకుంటూ వెళ్లాము. రెండు రాత్రులు హోటల్‌లో ఉన్నాము. ఐస్ పెట్టెలో పులిహోర, మజ్జిగ సర్దుకుని ఉదయం ఏడింటికల్లా మైదానంలో ఉన్నాము. శనివారం మూడు ఆటల్లో కలిపి ఆమె ఆడింది నాలుగు ఇన్నింగ్స్. గెలిస్తేనే ముందుకు వెళ్లే ఆదివారం ఆటల్లో ఒక్క ఇన్నింగ్స్ కూడా ఆడలేదు. మేము సంతకం చేసిన కాగితంలో ఆడే సమయానికి హామీ లేదని ముందే రాసి ఉంది కాబట్టి కోచ్‌ను తప్పుపట్టలేను. తిరుగు ప్రయాణంలో డెలవేర్ మెమోరియల్ వంతెన దాటే వరకు ఆమె మాట్లాడలేదు. ఆమె తట్టుకుని నిలబడింది, మరుసటి సంవత్సరానికి తన చోటు సంపాదించుకుంది. కానీ అదే జట్టులో తట్టుకోలేక ఆటే మానేసిన ఇద్దరు పిల్లలు నాకు తెలుసు, వారిలో ఒకరికి మా అమ్మాయి కంటే మంచి చేయి ఉండేది. ఆ పిల్ల ఇంకో రెండేళ్లు ఊరి లీగ్‌లోనే ఉండి ఉంటే ఈ రోజుకీ ఆడుతూ ఉండేదని నాకు అనిపిస్తుంది.

ఖర్చు గురించి ఎక్కువ రాయను. ఊరి లీగ్‌లో మాకు ఏడాదికి బూట్లు, గ్లవ్‌తో కలిపి 300 డాలర్లు దాటలేదు. ట్రావెల్‌లో టీమ్ రుసుము 2,400, వారానికో పిచింగ్ పాఠం, 350 డాలర్ల బ్యాట్, హోటళ్లు, పెట్రోలు కలిపితే చివరి మూడేళ్లలో ఏ ఏడూ 7,000కు తగ్గలేదు. డబ్బు కంటే నాకు బరువనిపించింది వారాంతాలు. ఆదివారం తెలుగు బడి మానేసింది, కూచిపూడి మధ్యలో ఆగిపోయింది, మూడు వేసవులు తాతయ్య, అమ్మమ్మల దగ్గరికి వెళ్లలేకపోయింది.

అన్నిటికంటే ముఖ్యంగా చెప్పాల్సింది భుజం గురించి. కింది నుంచి వేసే బంతి భుజానికి సహజమని, ఎంత వేసినా ఏమీ కాదని ఈ ఆటలో ఒక పాత నమ్మకం ఉంది. అది నిజం కాదు. 2021 జూన్‌లో, ఆమెకు పద్నాలుగేళ్లప్పుడు, జట్టులోని రెండో పిచర్ రాలేదని శనివారం మూడు ఆటలూ ఆమెతోనే వేయించారు, ఆదివారం మరొకటి వేయించారు. ఆపమని అడగాల్సిన నేను అడగలేదు. జట్టుకు అవసరం కదా అనుకున్నాను. సోమవారం ఉదయం జడ వేసుకోవడానికి చేయి పైకి లేవలేదు. భుజం ముందు భాగంలో బైసెప్స్ స్నాయువు వాచిందని, విండ్‌మిల్ పిచర్లలో ఇది మామూలుగా చూసేదేనని డాక్టర్ చెప్పారు. ఆరు వారాలు బంతి పట్టుకోనివ్వలేదు. ఊరి లీగ్‌లో ఒక రోజు ఇన్ని ఇన్నింగ్స్ వేస్తే మరునాడు విశ్రాంతి ఇవ్వాలనే నిబంధన ఉంది. మేము ఆడిన ట్రావెల్ పోటీల్లో ఆ లెక్క ఎవరూ అడగలేదు. అప్పటి నుంచి ఆమె వేసిన ప్రతి బంతినీ నేనే ఒక చిన్న పుస్తకంలో లెక్కపెట్టాను. పిల్లలు పదిహేను, పదహారేళ్లు వచ్చేవరకు ఒకే ఆటకు కట్టుబడకపోవడం మంచిదని, వారానికి ఒకటి రెండు రోజులు, ఏడాదిలో విడతలుగా మొత్తం మూడు నెలలు ఆ ఆట నుంచి విశ్రాంతి ఇవ్వాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2016లోనే సూచించింది. ట్రావెల్ క్యాలెండర్‌లో ఆ మూడు నెలలకు చోటు లేదు. తల్లిదండ్రులే పట్టుబట్టి తీసుకోవాలి. ఆ తర్వాత మేము నవంబర్, డిసెంబర్ నెలలు పూర్తిగా మాన్పించాము, దాని వల్ల ఆమె చోటు పోలేదు.

మన వాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న కాలేజీ గురించి. ఆట చూపించి స్కాలర్‌షిప్ తెచ్చుకుందామనే లెక్కతో ట్రావెల్‌లో చేర్చవద్దని నా గట్టి సలహా. 2025 వరకు కాలేజీ ఆటల్లో పై శ్రేణి అయిన డివిజన్ వన్ సాఫ్ట్‌బాల్‌లో జట్టు మొత్తానికి కలిపి 12 పూర్తి స్కాలర్‌షిప్‌ల విలువే అనుమతించేవారు, దాన్ని ముక్కలు చేసి చాలామందికి పంచేవారు. హార్వర్డ్, యేల్ లాంటి ఐవీ లీగ్ కాలేజీల్లో, కింది శ్రేణి అయిన డివిజన్ త్రీలో ఆటకు స్కాలర్‌షిప్‌లే లేవు. పైగా డివిజన్ వన్ కోచ్‌లు పదకొండో తరగతి సెప్టెంబర్ 1కి ముందు పిల్లలతో నేరుగా మాట్లాడకూడదు. పదేళ్ల పిల్లను ‘కాలేజీ దారిలో పెడతాం’ అని ఏ టీమైనా చెబితే ఆ మాట నమ్మవద్దు. మా అమ్మాయి ఇప్పుడు మామూలు విద్యార్థిగానే కాలేజీలో చేరింది, సరదాకు ఆడుతోంది.

ట్రావెల్ వల్ల ఊరి లీగ్‌కు జరిగే నష్టాన్ని నేను కళ్లారా చూస్తున్నాను. బంతి సరిగ్గా వేయగలిగే పిల్లలు తొమ్మిదేళ్లకే వెళ్లిపోతున్నారు, దాంతో మిగిలినవారికి వాక్‌లే వాక్‌లు, విసిగి ఇంకొందరు వెళ్లిపోతారు. చిన్నమ్మాయి విభాగంలో మొదట ఆరు జట్లుండేవి, ఇప్పుడు మూడే ఉన్నాయి. పన్నెండేళ్లు వచ్చేవరకు పిల్లలను ఊరి లీగ్‌లోనే ఉంచి, బంతి ఎక్కువ కావాలంటే వారానికోసారి పిచింగ్ పాఠం చెప్పిస్తే ఇటు లీగ్ నిలుస్తుంది, అటు పిల్లా ఎదుగుతుంది. పెద్దమ్మాయిని మళ్లీ మొదటి నుంచి పెంచాల్సి వస్తే ఒక ఏడాది ఆగి పంపేదాన్ని. పంపేముందు ట్రైఔట్‌లో కోచ్‌ను మూడు విషయాలు అడిగేదాన్ని: జట్టులో పిచర్లు ఎంతమంది, ఒక రోజులో ఒక పిచర్ చేత గరిష్ఠంగా ఎన్ని ఇన్నింగ్స్ వేయిస్తారు, నిరుడు ఉన్న పిల్లల్లో ఎంతమంది ఈ ఏడు తిరిగి వచ్చారు. మూడో దానికి వచ్చే జవాబు మిగతా రెండింటి కంటే ఎక్కువ చెబుతుంది.

చిన్నమ్మాయికి ఇప్పుడు పదమూడేళ్లు. ట్రావెల్‌కు వెళ్తావా అని రెండుసార్లు అడిగాను, రెండుసార్లూ వద్దంది. మంగళ, గురువారాల్లో సైకిల్ మీద మైదానానికి వెళ్లి ఆడి వస్తుంది, శనివారాలు చదరంగం ఆడుతుంది. వచ్చే ఏప్రిల్ సీజన్‌కు ఆమె పేరు ఊరి లీగ్‌లోనే నమోదు చేశాము, స్కోరు పుస్తకం రాయడానికి నా పేరు కూడా ఇచ్చాను.