ఎంసీపీ23017 పోర్ట్ ఎక్స్‌పాండర్: చిప్ మంచిదే, పలకకపోతే ముందు 18వ పిన్ చూడండి

ఆర్డునో ఊనో, ఈఎస్‌పీ8266 లాంటి కంట్రోలర్ బోర్డుల్లో పిన్నులు చాలకపోతే రెండు తీగలతో మరో 16 పిన్నులు ఇచ్చే చిప్ ఇది. తయారీ మైక్రోచిప్. 1.8 నుంచి 5.5 వోల్టుల దాకా పనిచేస్తుంది. ఒకే ఐటూసీ బస్ (చిప్పులు మాట్లాడుకునే ఆ రెండు తీగలు) మీద ఎనిమిది చిప్పులు, అంటే 128 పిన్నులు పెట్టుకోవచ్చు. 28 కాళ్ల డిప్ ప్యాకేజీలోనూ వస్తుంది కాబట్టి బ్రెడ్‌బోర్డు మీద నేరుగా గుచ్చుకోవచ్చు. బస్ మీదున్న చిప్పుల్ని వెతికే స్కానర్ ప్రోగ్రామ్‌లో అడ్రస్ కనబడలేదని దీన్ని పక్కన పడేయకండి. అలాంటప్పుడు తప్పు ఎక్కువగా వైరింగ్‌లోనే ఉంటుంది.

మల్టీమీటర్ తీసుకుని చిప్ కాళ్ల మీదే కొలవండి, బ్రెడ్‌బోర్డు పట్టాల మీద కాదు. 9వ పిన్ వీడీడీ (సరఫరా), 10వ పిన్ గ్రౌండ్. ఈ రెండింటికీ దగ్గరగా 100 నానోఫారడ్ కెపాసిటర్ ఉండాలి. తర్వాత 18వ పిన్, రీసెట్. దీనికి లోపల పుల్‌అప్ (లైన్‌ని సరఫరా వోల్టేజీకి లాగి పట్టే రెసిస్టర్) లేదు. ఖాళీగా వదిలితే చిప్ ఒకసారి పలుకుతుంది, చెయ్యి దగ్గరికి తెస్తే మానేస్తుంది. 10 కిలోఓమ్‌లతో వీడీడీకి కట్టేయండి. 15, 16, 17 అడ్రస్ పిన్నులు. ఇవీ గాలిలో ఉండకూడదు. మూడూ గ్రౌండ్‌కి కలిపితే అడ్రస్ హెక్స్ 20, మూడూ వీడీడీకి కలిపితే హెక్స్ 27. ఎస్‌సీఎల్ (క్లాక్ తీగ) 12, ఎస్‌డీఏ (డేటా తీగ) 13. వాటి పక్కనున్న 11, 14 పిన్నులకు లోపల కనెక్షనే లేదు. ఒక్క గడి జరిపి గుచ్చితే అంతా సరిగ్గా ఉన్నట్టే కనిపిస్తుంది, మాట మాత్రం రాదు.

బస్ ఖాళీగా ఉన్నప్పుడు ఎస్‌డీఏ, ఎస్‌సీఎల్ రెండూ సరఫరా వోల్టేజీకి దగ్గరగా ఉండాలి. తేలుతూ ఉంటే పుల్‌అప్ రెసిస్టర్లు లేవన్నమాట. ఊనోలో ఉండే ఏటీమెగా328పీ లోపలి పుల్‌అప్‌లు 20 నుంచి 50 కిలోఓమ్‌లు. ఇవి మరీ బలహీనం. తీగలు పొట్టిగా ఉండి వేగం 100 కిలోహెర్ట్జ్ అయితే బయట 4.7 కిలోఓమ్‌లు చాలు. 400 కిలోహెర్ట్జ్‌కి వెళ్తే సిగ్నల్ 300 నానోసెకన్లలోపు పైకి లేవాలి. బస్ కెపాసిటెన్స్ 100 పికోఫారడ్లున్నా 4.7 కిలోఓమ్‌లతో దాదాపు 400 నానోసెకన్లు పడుతుంది. 2.2 కిలోఓమ్‌లు వేస్తే 190 దగ్గరికి దిగుతుంది.

ఎస్‌డీఏ సున్నా దగ్గరే అతుక్కుపోయిందా? చదువుతుండగా మధ్యలో కంట్రోలర్ రీసెట్ అయితే, చిప్ ఇంకా తన బిట్ పంపుతూ లైన్‌ని కిందికి పట్టుకుని ఉంటుంది. ఎస్‌సీఎల్ మీద తొమ్మిది పల్సులు ఇచ్చి స్టాప్ కండిషన్ పంపితే వదిలేస్తుంది.

ఎక్కువ మందిని తిప్పలు పెట్టేది వోల్టేజీ. చిప్‌కి 5 వోల్టులిచ్చి ఈఎస్‌పీ32తో కలిపితే టేబుల్ మీద తరచూ పనిచేస్తుంది. కానీ డేటాషీట్ ప్రకారం ఎస్‌డీఏ, ఎస్‌సీఎల్ మీద 'హై' అంటే వీడీడీలో 80 శాతం, అంటే 4 వోల్టులు. ఈఎస్‌పీ32 ఇచ్చే 3.3 వోల్టులు అక్కడికి చేరవు. పుల్‌అప్‌లను 5 వోల్టులకు కలిపితే ఈఎస్‌పీ32 పిన్నులకే ప్రమాదం. చిప్‌కి కూడా 3.3 వోల్టులే ఇవ్వండి, తప్పనిసరైతే మధ్యలో వోల్టేజీ మార్చే లెవెల్ షిఫ్టర్ పెట్టండి.

అడ్రస్ రాసే పద్ధతిలోనూ తేడా ఉంది. ఆర్డునో వైర్ లైబ్రరీకి ఏడు బిట్ల హెక్స్ 20 ఇవ్వాలి. ఎస్‌టీఎం32 కంట్రోలర్ల హాల్ లైబ్రరీ ఫంక్షన్లకు అదే విలువను ఒక బిట్ ఎడమకు జరిపి హెక్స్ 40గా ఇవ్వాలి. వైర్ లైబ్రరీలోని ఎండ్‌ట్రాన్స్‌మిషన్ ఫంక్షన్ 2 తిరిగిస్తే ఆ అడ్రస్‌కి ఎవరూ జవాబివ్వలేదని అర్థం.

చిప్ జవాబిస్తోంది కానీ ఎల్‌ఈడీ వెలగడం లేదంటే రిజిస్టర్లు, అంటే చిప్ లోపలి సెట్టింగుల గదులు చూడండి. పవర్ రాగానే పిన్నుల దిశను నిర్ణయించే ఐఓడీఐఆర్ రిజిస్టర్లు రెండూ హెక్స్ ఎఫ్‌ఎఫ్‌లో, అంటే అన్ని పిన్నులూ ఇన్‌పుట్‌గా ఉంటాయి. హెక్స్ 00, 01 చిరునామాల్లో సున్నాలు రాస్తేనే అవుట్‌పుట్ అవుతాయి. పొరపాటున ఐఓకాన్ అనే కాన్ఫిగరేషన్ రిజిస్టర్‌లోని బ్యాంక్ బిట్ 1 అయితే రిజిస్టర్ల చిరునామాలన్నీ మారిపోతాయి. కంట్రోలర్‌ని మాత్రమే రీసెట్ చేస్తే చిప్ ఆ స్థితిలోనే ఉండిపోతుంది. అందుకే ప్రోగ్రామ్ మొదట్లో హెక్స్ 05లో సున్నా రాయడం మంచి అలవాటు. బ్యాంక్ 1లో ఉంటే అది ఐఓకాన్‌ని సరిచేస్తుంది, బ్యాంక్ 0లో ఉంటే బీ పోర్టు ఇంటరప్ట్‌ని (పిన్ మారిందని కంట్రోలర్‌కి చెప్పే సిగ్నల్‌ని) ఆపడం తప్ప మరేమీ చేయదు. రీసెట్ పిన్‌ని కంట్రోలర్ పిన్‌తో నడిపితే ఇంకా మేలు.

ఇంటరప్ట్ ఒకసారి వచ్చి మళ్లీ రాకపోతే, జీపీఐఓ రిజిస్టర్ గానీ ఇంట్‌క్యాప్ రిజిస్టర్ గానీ చదవలేదన్నమాట. చదివేదాకా ఆ లైన్ విడవదు.

ఇక ఈ చిప్‌లో నిజమైన లోటు: కొత్త డేటాషీట్లలో జీపీఏ7, జీపీబీ7 (ఏ, బీ పోర్టుల చివరి పిన్నులు) అవుట్‌పుట్‌కే పరిమితం. వాటిని చదివే సమయంలో స్థితి మారితే ఎస్‌డీఏ సిగ్నల్ పాడయ్యే అవకాశం ఉంది. పాత ట్యుటోరియళ్లు 16 బటన్లు కలపమంటాయి. ఇన్‌పుట్‌లు 14 అనే లెక్క వేసుకోండి. 16 పిన్నుల చిప్ అని కొన్నవారికి ఇది చిన్న నష్టం కాదు. కరెంటు దగ్గరా జాగ్రత్త. పిన్‌కి 25 మిల్లీయాంప్‌లు అన్నా, వీడీడీ మొత్తం హద్దు 125 మాత్రమే. పదహారు ఎల్‌ఈడీలకు తలా 10 ఇస్తే 160 అవుతుంది, తలా 5 ఇవ్వండి. రిలేలకు యూఎల్‌ఎన్2803 లాంటి డ్రైవర్ తప్పనిసరి.

ఎల్‌సీడీకో నాలుగు బటన్లకో అయితే పీసీఎఫ్8574 అనే చిన్న ఎక్స్‌పాండర్ చాలు. దాని అడ్రస్‌లు కూడా హెక్స్ 20 నుంచి 27 వరకే కాబట్టి, హెక్స్ 27 మీద ఎల్‌సీడీ బ్యాక్‌ప్యాక్ (ఎల్‌సీడీ వెనక అతికే ఐటూసీ బోర్డు) ఉంటే ఈ చిప్‌ని వేరే నంబర్‌కి మార్చండి. 16 బటన్లూ కావాలంటే ఎస్‌పీఐ అనే వేరే బస్‌తో నడిచే ఎంసీపీ23ఎస్17 తీసుకోండి. కొనేటప్పుడు చిప్ మీద 'ఎస్' అక్షరం ఉందో లేదో చూడండి. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, ఎస్ ఉన్నది ఐటూసీ స్కానర్‌కి ఎప్పటికీ దొరకదు.