మిగలకుండా వండే మేస్త్రి: కాకినాడలో ఒక వంట బృందంపై సమీక్ష

శుభకార్యానికి వంట కుదుర్చుకునేవారు రుచిని, ధరను విచారిస్తారు గాని, ఎంత వండుతారన్న ప్రశ్న సాధారణంగా వేయరు. ప్లేటు లెక్కన మాట్లాడుకున్నచోట ఆతిథేయుడు చాలదేమోనన్న భయంతో ఒక పాతిక ప్లేట్లు కలిపి చెబుతాడు, కేటరింగ్ వారు తమ జాగ్రత్త కొద్దీ దాని మీద మరికొంత కలుపుతారు, చివరకు రానివారి వాటాతో సహా అంతా గుండిగల్లో ఉండిపోతుంది. కాకినాడలో మా బంధువుల గృహప్రవేశానికి వండిన మేస్త్రిగారి బృందంలో ఈ అలవాటు కనిపించలేదు.

ఆయన ప్లేటు లెక్కకు ఒప్పుకోరు. సరుకుల చీటీ రాసిస్తారు. సరుకు మనమే తెచ్చుకుని, కూలి, వడ్డన ఖర్చు, పాత్రల అద్దె విడిగా ఇవ్వాలి. చీటీ రాసే ముందు ఊళ్ళోవారెందరు, పొరుగూరివారెందరు, ముహూర్తం ఏ వేళకు, ఉదయం ఫలహారం ఉందా, బంతి భోజనమా బఫేనా అని నిదానంగా అడిగి తెలుసుకున్నారు. ఫలహారానికి పెసరట్టు ఉప్మా అనగానే మధ్యాహ్నపు బియ్యం తగ్గించారు. పదిమందికి కిలో అన్న పాత లెక్కను మొదటి బంతికే పాటించి, ఆ తరువాత ఎసరు సిద్ధంగా ఉంచుకుని, కూర్చున్నవారిని చూసి విడతలుగా అన్నం వార్చారు. పనసపొట్టు కూరకు కూడా పొట్టు ముందే ఉడికించి పెట్టుకుని, ఆవ మాత్రం ఏ బంతికా బంతికి కలిపారు. దాని రుచి గురించి వేరే చెప్పనక్కరలేదు, గోదావరి జిల్లాలవారికి తెలిసినదే.

అతిగా వండడంలో డబ్బు నష్టంకన్నా ఆరోగ్యానికి ముప్పు ఎక్కువ. ఉడికించినా నశించని బాసిలస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు, గంటల తరబడి బయట ఉన్న అన్నంలో మొలకెత్తి విషాన్ని తయారుచేయగలవు. ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోకపోవచ్చు. మిగిలినది పంచిపెడితే సరిపోదా అనేవారున్నారు గాని, మిగులు ఆహారం పంపిణీకి 2019లో వచ్చిన నియమాలు తయారైన తేదీ మొదలైన వివరాలతో చీటీ ఉండాలంటాయి. పెళ్ళిళ్ళలో సాయంత్రం దాకా మూత తీసి ఉన్న సాంబారుకు అలాంటి చీటీ ఎవరు రాస్తారు? ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024 నివేదిక ప్రకారం, 2022లో ప్రపంచంలో వృథా అయిన 105 కోట్ల టన్నుల ఆహారంలో సుమారు 29 కోట్ల టన్నులు హోటళ్ళు, కేటరింగ్ వంటి సేవలది.

లోపం లేకపోలేదు. చివరి బంతికి దొండకాయ వేపుడు అందలేదు, గొట్టం కాజా రెండోది కావాలన్నవారు అడిగి వేయించుకోవలసి వచ్చింది, పెద్దవారిలో ఒకరిద్దరు అది మర్యాద కాదన్నారు. వేపుడు విషయంలో వారి మాట సబబే. అది అప్పటికప్పుడు తయారయ్యేది కాదు కనుక కొంత అదనంగా చేయించవలసింది. కాజా విషయంలో మాత్రం నేను మేస్త్రిగారి పక్షమే. సరుకు తెచ్చే మనిషి ఇంట్లో లేనివారికి ఈ పద్ధతి కష్టం. మాఘం, శ్రావణం ముహూర్తాలకైతే చాలా ముందుగా మాట్లాడుకోవాలి.